టవర్ పక్కన డెత్ పడితే? టారోలో రెండు కార్డులను కలిపి చదివే పద్ధతి

గత నెలలో ఒక శుక్రవారం రాత్రి 11 దాటాక నా ఫోన్‌కి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. రెండు కార్డులు పక్కపక్కన ఉన్నాయి. ఎడమ పక్క పిడుగు పడి కూలుతున్న బురుజు. కుడి పక్క తెల్ల గుర్రం మీద అస్థిపంజరం. కింద ఒకటే లైను: "అక్కా, మీ పాప ఇవి చూస్తుంది కదా. ఇది నిజమేనా?"

పంపింది మా కమ్యూనిటీలోనే ఉండే ఒకమ్మాయి. అంతకు రెండు వారాల ముందు వాళ్లాయనకి ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ లెక్క ఎలా ఉంటుందో మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఆ దిగులులో నిద్ర పట్టక ఆన్‌లైన్‌లో ఎవరో రీడర్‌ని పట్టుకుంది. "మా ఆయనకి ఉద్యోగం ఎప్పుడొస్తుంది?" అని అడిగిందట. అవతలి మనిషి ఈ రెండు కార్డులు తీసి, ఇవి జంటగా పడ్డాయంటే ఇంటి మగమనిషి ప్రాణానికి గండం ఉన్నట్టని, ఆ చెడు పోగొట్టడానికి తాను మూడు రాత్రులు కొవ్వొత్తులు వెలిగించి ఏదో చేస్తానని, దానికి 700 డాలర్లు అవుతుందని చెప్పింది. ఈ అమ్మాయి కట్టేసింది. కట్టాక నన్ను అడిగింది.

నేను టారో రీడర్‌ని కాదు. రెండేళ్ల కిందట థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చినప్పుడు, ఉతకాల్సిన బట్టల మధ్య ఈ కార్డుల పెట్టె దొరికింది. ఇదేం పిచ్చో అని కంగారుపడ్డాను. ఆ కంగారులోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను, తర్వాత కంగారు పోయి ఆసక్తి మిగిలింది. కార్డులు జరగబోయేది చెప్తాయని ఇప్పటికీ నమ్మను. కానీ మన పిల్లల గదుల్లో ఈ పెట్టెలు ఉన్నాయి. కష్టం వచ్చినప్పుడు మన పెద్దవాళ్లు కూడా డబ్బు కట్టి చెప్పించుకుంటున్నారు. రెండు కార్డులు కలిపి ఎలా చదువుతారో కొంచెం తెలిస్తే, అవతలివాళ్లు చదువుతున్నారా, బెదిరిస్తున్నారా అన్నది మనకే తెలిసిపోతుంది.

ఇది అర్థం కావడానికి మనవాళ్లకి రమ్మీ చాలు. చేతిలో ఇస్పేటు ఏడు ఒక్కటే ఉంటే అది దండగ ముక్క, ఎప్పుడు పారేద్దామా అని చూస్తాం. దాని పక్కకి ఇస్పేటు ఆరు, ఎనిమిది వచ్చాయంటే సీక్వెన్స్. ఇంకో రెండు ఏడులు వచ్చాయంటే సెట్. ఏడు మారలేదు, దాని పక్కన ఉన్నవి మారాయి. టారో పుట్టుకతో పేకాటే మరి. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్ ప్రభువుల లాంటి వాళ్ల ఇళ్లలో ఆడుకోవడానికి గీయించుకున్న ముక్కలివి. ఫ్రాన్స్‌లో ఇవాళ్టికీ 78 ముక్కలతో టారో ఆట ఆడతారు, అందులో జోస్యం ఊసే లేదు. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని ఆధారమేమీ లేకుండా రాసేశాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఎతెయ్యా అనే పేరుతో ఒకాయన టారో ముక్కలతో జోస్యం చెప్పే పద్ధతిని పుస్తకంగా వేశాడు. అంటే ఈ ముక్కలు మూడు వందల ఏళ్లకు పైగా ఆటలో నలిగాకే జోస్యానికి ఈ పేరు వచ్చింది.

78లో 22 పెద్ద కార్డులు. వాటిని మేజర్ ఆర్కానా అంటారు. టవర్, డెత్, సన్, మూన్, లవర్స్ ఇవన్నీ అందులోవే. మిగిలిన 56 చిన్న కార్డులు, మన పేకలాగే నాలుగు రంగులు: వాండ్స్ అంటే కర్రలు, కప్స్ అంటే పాత్రలు, సోర్డ్స్ అంటే కత్తులు, పెంటకిల్స్ అంటే నాణేలు. ఒక్కో రంగులో ఏస్ నుంచి పది వరకు, ఆపైన పేజ్, నైట్, క్వీన్, కింగ్. మన పేకలో జాకీ ఒక్కడే, ఇక్కడ ఆ చోట ఇద్దరు.

ఈరోజు అమెరికాలో ఎక్కువమంది చేతుల్లో కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసినవి, లేదా వాటిని చూసి గీసినవి. ఏమేం ఉండాలో ఆర్థర్ వెయిట్ చెప్తే, పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. చాలా పెద్ద పనికి చాలా తక్కువ డబ్బు ఇచ్చారని ఆవిడ ఒక ఉత్తరంలో రాసుకుంది. చాలాకాలం పెట్టె మీద ఆవిడ పేరు కూడా లేదు. అసలు పని మాత్రం ఆవిడదే. అంతకు ముందు చాలా డెక్‌లలో చిన్న కార్డుల మీద నాణేలు ఐదు, కత్తులు మూడు అని గుర్తులే ఉండేవి. పమేలా చాలావరకు చిన్న కార్డుల మీద మనుషుల్ని పెట్టి ఒక్కో సన్నివేశం గీసింది. ఒక కార్డులో మనిషి అటు నడుస్తున్నాడు, పక్క కార్డులో ఇంకో మనిషి కూర్చుని చూస్తున్నాడు. ఈ ఇద్దరి మధ్యా ఏదో జరుగుతున్నట్టు మనకి అనిపిస్తుంది. కార్డులను జతగా చదవడం ఇంత తేలికైంది అందువల్లే.

ఇక లెక్క చూడండి. 78 కార్డుల్లోంచి రెండు తీస్తే 3,003 జతలు వస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చూస్తే 6,006. తలకిందులుగా పడ్డవి విడిగా లెక్కేస్తే 24,024. ఇన్నిటికీ అర్థాలు బట్టీ పట్టిన మనిషి ఎవరూ ఉండరు. కాబట్టి "ఈ రెండు జంటగా పడితే అర్థం ఇదీ" అని ఎవరైనా శాసనంలా చెప్పారంటే, ఆ మాట కార్డుల్లోంచి రాలేదు. జతకి సొంతంగా అర్థం ఉండదు. అడిగిన ప్రశ్నకి, ఆ రెండు చోట్లకి మనం ముందే పెట్టుకున్న పేర్లకి, బొమ్మల్లో ఉన్నదానికి మధ్య అర్థం పుడుతుంది.

ఆ పేర్ల సంగతి ముఖ్యం. కార్డులు తీసేముందే, మొదటి చోటు దేనికి, రెండో చోటు దేనికి అని అనుకోవాలి. "ఇప్పుడున్న పరిస్థితి, చేయదగింది" అనుకోవచ్చు. "నేను, అవతలి మనిషి" అనుకోవచ్చు. "కారణం, ఫలితం" అనుకోవచ్చు. మా అమ్మాయికి నేను చెప్పిన చిట్కా ఒకటుంది, తెలుగులో చక్కగా పని చేస్తుంది. రెండు కార్డుల మధ్య ఒక చిన్న మాట పెట్టమన్నాను: "వల్ల", "తర్వాత", "అయినా", "కోసం". టవర్ వల్ల డెత్, టవర్ తర్వాత డెత్, టవర్ అయినా డెత్. ఒక్క మాట మారితే మొత్తం మారిపోతుంది. ఆ మాటని కార్డులు తీయకముందే ఎంచుకోవాలి. తీశాక ఎంచుకుంటే మనకి నచ్చింది, లేదా మనం భయపడుతున్నది చదువుకుంటాం.

ఇప్పుడు ఆ శుక్రవారం రాత్రి జతకి వద్దాం. ప్రశ్న ఉద్యోగం గురించి. ముందు బొమ్మలు చూడండి. టవర్ 16వ కార్డు. రాతి గుట్ట మీద బురుజు, పైన కిరీటం లాంటి కప్పు, పిడుగు దెబ్బకి ఆ కిరీటం ఎగిరిపోయింది. ఇద్దరు తలకిందులుగా పడుతున్నారు, కిటికీల్లో మంటలు. వాళ్లు తప్పు చేశారని బొమ్మలో ఎక్కడా లేదు. పిడుగు పైనుంచి వచ్చింది. లేఆఫ్ ఈమెయిల్ వచ్చిన ఇంటికి ఇంతకన్నా సరిపోయే బొమ్మ లేదు.

డెత్ 13వ కార్డు. పేరు చూసి జడుసుకుంటాం కానీ బొమ్మ నిదానంగా చూడరు. నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్ల గుర్రం మీద వస్తోంది, చేతిలో జెండా, దాని మీద తెల్ల గులాబీ. రాజు కింద పడి ఉన్నాడు, కిరీటం దొర్లిపోయింది. మతగురువు చేతులు జోడించి నిలబడ్డాడు. ఒక అమ్మాయి మోకాళ్ల మీద ఉండి మొహం పక్కకి తిప్పుకుంది. చిన్న బిడ్డ మాత్రం తలెత్తి చూస్తోంది. వెనక నది, అందులో పడవ. దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. పేరున్న పుస్తకాలు ఏవి తీసినా ఈ కార్డుకి మొదట చెప్పే అర్థం ఒకటే: ఒక దశ ముగియడం. మనిషి చావు అని చదవవద్దని వాటిలో చాలావరకు ప్రత్యేకంగా చెప్తాయి.

రెండూ కలిపి, ఉద్యోగం ప్రశ్నకి, "తర్వాత" అన్న మాటతో చదివితే ఇలా వస్తుంది: దెబ్బ హఠాత్తుగా తగిలింది, మీ తప్పు వల్ల కాదు. అదే చోటికి, అదే రకం ఉద్యోగానికి తిరిగి వెళ్తామన్న ఆశ ముగించి కొత్తది మొదలుపెట్టాల్సి ఉంది. ఆ నలుగురిలో మీరు ఎవరు? పడిపోయిన కిరీటం ఏరుకునే రాజా, మొహం తిప్పుకున్న అమ్మాయా, తలెత్తి చూసే బిడ్డా? ఇవే కార్డులు అటుదిటు అయి, డెత్ ముందు, టవర్ తర్వాత పడి ఉంటే వేరే మాట: ఎప్పుడో అయిపోయిన దాన్ని ఒప్పుకోకుండా పట్టుకుని కూర్చున్నాం, అందుకే అది నెత్తిన కూలింది. ఇది కటువైన మాటే. కానీ ఇందులోనూ ప్రాణగండం లేదు. ఉద్యోగం గురించి అడిగితే ఉద్యోగం గురించే చదవాలి. అడగని ఆరోగ్యాన్ని, ఆయుష్షుని మధ్యలోకి లాగిన క్షణంలోనే ఆవిడ రీడింగ్ ఆపేసి వ్యాపారం మొదలుపెట్టింది.

ఒకే కార్డు పక్కది మారితే ఎలా మారుతుందో చూడాలంటే, మనలాంటి వలస కుటుంబాలకి సిక్స్ ఆఫ్ సోర్డ్స్ కంటే మంచి కార్డు లేదు. ఒక పడవ. వెనక నిలబడి ఒక మనిషి గెడ వేస్తున్నాడు. ముందు శాలువా కప్పుకున్న స్త్రీ, పక్కన బిడ్డ, ఇద్దరూ వంగి కూర్చున్నారు. పడవలో ఆరు కత్తులు నిలువుగా గుచ్చి ఉన్నాయి. ఒక పక్క నీళ్లు అలలుగా ఉన్నాయి, రెండో పక్క నిలకడగా. మొహాలేవీ మనకి కనపడవు, అందరూ వీపులు తిప్పి వెళ్లిపోతున్నారు. మొదటిసారి చూసినప్పుడు, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మా అమ్మకి నా వీపు ఇలాగే కనపడి ఉంటుంది అనుకున్నాను.

దీని పక్కన ఎయిట్ ఆఫ్ కప్స్ పెట్టండి. అందులో ఎర్ర బట్టలు వేసుకున్న మనిషి, పేర్చిన ఎనిమిది పాత్రలని వదిలి రాత్రిపూట చేతికర్రతో నడిచి వెళ్లిపోతుంటాడు. రెండూ వెళ్లిపోవడాలే. ఒకటి తన కాళ్ల మీద తను, ఇంకొకటి ఇంకొకరు నడిపే పడవలో. డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఏ భార్యనైనా ఈ రెంటికీ తేడా అడగండి, పుస్తకం అక్కర్లేదు. పక్కన ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ పెడితే: మంచులో చిరిగిన బట్టలతో ఇద్దరు, ఒకరికి ఊతకర్రలు, వాళ్ల తల పైన వెలుగుతున్న రంగుటద్దాల కిటికీ. దాటి వచ్చాం, లోపలికి మాత్రం రాలేదు. వెలుగు పక్కనే ఉంది, వాళ్లు తలెత్తి చూడడం లేదు. కొత్తగా మాస్టర్స్‌కి వచ్చి, నలుగురు పంచుకునే గదిలో ఉంటూ, ఎవరినీ సాయం అడగలేని పిల్లలకి ఈ జత సరిగ్గా తగులుతుంది.

ఇక టెన్ ఆఫ్ పెంటకిల్స్. ఒక సంపన్నమైన ఇంటి ముంగిట్లో ముసలాయన కూర్చుని ఉన్నాడు, ఆయన దగ్గర రెండు కుక్కలు. కమాను కింద ఒక జంట మాట్లాడుకుంటోంది. చిన్నపిల్లాడు చెయ్యి చాపి కుక్కని ముట్టుకుంటున్నాడు. పుస్తకాల్లో దీనికి వంశం, ఆస్తి, నిలదొక్కుకున్న కుటుంబం అని అర్థాలు ఇస్తారు. "అమ్మానాన్నలని ఇక్కడికి తెచ్చుకోవాలా?" అన్న ప్రశ్నకి సిక్స్ ఆఫ్ సోర్డ్స్, టెన్ ఆఫ్ పెంటకిల్స్ ఈ వరసలో వచ్చాయనుకోండి. అర్థాలు కూడితే "ప్రయాణం, కుటుంబ సుఖం, తెచ్చుకోండి" అయిపోతుంది. తొంభై మంది అక్కడే ఆగుతారు. బొమ్మలు చూస్తే ఇంకో సంగతి ఉంది. పడవలో కూర్చున్నవాళ్లు గెడ వేయడం లేదు, ఎటు వెళ్లాలో నిర్ణయం వాళ్లది కాదు. పది నాణేల ఇంట్లో ముసలాయన ముందే ఉన్నా, పెద్దవాళ్లెవరూ ఆయన వైపు చూడడం లేదు, కుక్కలు తప్ప. ఈ జత అడుగుతున్నది తేవాలా వద్దా అని కాదు. ఈ పడవ ఎవరు నడుపుతున్నారు, ఇక్కడికి వచ్చాక పగలంతా ఆయనతో ఎవరు మాట్లాడతారు అని. ఆరు నెలలు వచ్చి ఉన్న మా మామగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని పార్కింగ్‌లో కార్లు లెక్కపెట్టేవారు. ఈ జత చూసిన రోజు ఆ కుర్చీయే గుర్తొచ్చింది.

బొమ్మలతో పాటు చూసేవి ఇంకొన్ని ఉన్నాయి, వాటిని త్వరగా చెప్పేస్తాను. పెద్ద కార్డు, చిన్న కార్డు కలిసి పడితే పెద్దది సందర్భం, చిన్నది ఆ సందర్భంలో రోజువారీ పని. టవర్ పక్కన ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ వస్తే, అంటే బల్ల మీద కూర్చుని నాణేలు చెక్కే పనివాడు వస్తే, ఇల్లు కూలిన వారంలో కూడా చేతిపని వదలొద్దు అని. రంగుల మధ్య స్నేహం, వైరం కూడా చూస్తారు. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘం నుంచి వచ్చిన పద్ధతి ఇది. వెయిట్, పమేలా ఇద్దరూ అందులో సభ్యులే. వాండ్స్ నిప్పు, కప్స్ నీరు, సోర్డ్స్ గాలి, పెంటకిల్స్ నేల. నిప్పుకి నీరు పడదు, గాలికి నేల పడదు. ఆ జతల్లో ఒకదాన్ని ఒకటి తగ్గిస్తుంది. ఒకే రంగు రెండు పడితే బలం పెరుగుతుంది. మిగిలినవి సర్దుకుపోతాయి. పంచభూతాలు తెలిసిన మనకి ఇది అరగంటలో వచ్చేస్తుంది.

వెయిట్ 1911 నాటి తన పుస్తకంలో ఒకే అంకె కార్డులు రెండు, మూడు, నాలుగు పడితే ఏమిటో ఒక పట్టిక కూడా ఇచ్చాడు. రెండు రాణులు పడితే నిజమైన స్నేహితులట, రెండు ఏస్‌లు పడితే మోసమట. ఎందుకో చెప్పలేదు. నాకైతే ఆ పట్టిక బల్లి శాస్త్రంలా అనిపించింది, పక్కన పెట్టేశాను. తలకిందులు కార్డులనీ మొదట్లో పట్టించుకోకండి. జతలు నేర్చుకునేటప్పుడు అవి గందరగోళమే.

చూపు ఎటు ఉందన్నది మాత్రం వదలకండి. మా అమ్మాయి ప్రీమెడ్ వదిలేసి వేరే మేజర్ తీసుకుంటానన్నప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు. ఒకరోజు తనే రెండు కార్డులు తీసింది, మొదటి చోటు నాది, రెండోది తనది. నాకు క్వీన్ ఆఫ్ సోర్డ్స్, తనకి పేజ్ ఆఫ్ కప్స్. కత్తి నిటారుగా పట్టుకున్న రాణి కుడి వైపుకి, అంటే పక్క కార్డు వైపుకే చూస్తోంది, ఒక చెయ్యి ముందుకి చాపింది. పేజ్ చేతిలో పాత్ర, అందులోంచి చేప తల బయటపెట్టింది, ఆ కుర్రాడు ఆ చేపనే చూస్తున్నాడు. "అమ్మా, నువ్వు నన్నే చూస్తున్నావు. నేను చేపని చూస్తున్నాను. నువ్వు కూడా ఒకసారి చేపని చూడవే" అంది. అదే జత అటుదిటు పెడితే రాణి వీపు పిల్లవాడి వైపు ఉండేది. ఆ రోజు గొడవ తీరలేదు కానీ, ఆ చేప ఏమిటో మొదటిసారి పూర్తిగా విన్నాను.

బొమ్మకి బొమ్మే జవాబుగా గీసిన జతలు కూడా ఉన్నాయి. లవర్స్ 6వ కార్డు, డెవిల్ 15వది. రెండింట్లో ఒకటే అమరిక: కింద ఒక పురుషుడు, ఒక స్త్రీ, పైన రెక్కలున్న ఆకారం. ఒకదాంట్లో దేవదూత, ఇంకోదాంట్లో కొమ్ముల దయ్యం. డెవిల్‌లో ఇద్దరి మెడల్లో గొలుసులు ఉంటాయి, కానీ వదులుగా, తలమీంచి తీసేసేంత వదులుగా. ఈ రెండూ కలిసి పడితే భర్తకి వేరే సంబంధం ఉందని చెప్పే రీడర్లున్నారు. అలాంటి మాటతో ఒక ఇల్లు కూలిపోగలదు. బొమ్మ చెప్పేది అంతకంటే చిన్నది, నిజానికి దగ్గరైనది: ప్రేమతో మొదలైంది అలవాటుగా బిగుసుకుందా, ఆ గొలుసు ఎవరు తీయకుండా ఉన్నారు?

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇవన్నీ సరిగ్గా సరిపోయినట్టు అనిపించడం కార్డుల గొప్పతనం కాదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకి "ఇది మీ వ్యక్తిత్వం" అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4కి పైనే వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. ఒక కార్డుకే ఇంత సాగే గుణం ఉంటే రెండు కార్డులకి ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. అందుకే జత నచ్చకపోతే మూడోది తీయడం, అదీ నచ్చకపోతే నాలుగోది తీయడం చేయకండి. చిలక జోస్యంలో చిలక కూడా ఒక్క కార్డే తీసి గూట్లోకి వెళ్లిపోతుంది.

వీసా ఆమోదం, జబ్బు, ఆయుష్షు, కోర్టు కేసు, షేర్లు వీటికి కార్డులు తీసేవాళ్లని నమ్మకండి. ప్రశ్నలు అడగకుండానే చెప్పడం మొదలుపెట్టేవాళ్లని, కార్డు పేరు చెప్పి బొమ్మ చూపించనివాళ్లని, ముఖ్యంగా చెడు చెప్పి అదే నోటితో దాని విరుగుడుకి ధర చెప్పేవాళ్లని వదిలేయండి. మా పక్కనున్న న్యూయార్క్ రాష్ట్రంలో అతీత శక్తులున్నాయని చెప్పుకుని డబ్బుకి జోస్యం చెప్పడం, శాపాలు తొలగిస్తాననడం శిక్షాస్మృతిలోనే నేరం. కేవలం వినోదం కోసం చేసే ప్రదర్శనకి మాత్రం మినహాయింపు. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు, మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. ఎక్కడున్నా కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి డిస్ప్యూట్ పెట్టొచ్చు, ఎఫ్‌టీసీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. సిగ్గుపడి ఊరుకుంటే, మళ్లీ మెసేజ్ వస్తుంది, ఈసారి 700 కాదు.

మా అమ్మాయి శనివారం పొద్దున ఆమెతో గంటసేపు వీడియో కాల్‌లో మాట్లాడింది. పైన రాసిన డెత్ బొమ్మ అంతా తనే వివరించింది. డిస్ప్యూట్ ఆ రోజే పెట్టారు, ఇంకా తేలలేదు. సోమవారానికి ఇమిగ్రేషన్ లాయర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆమెకి ఆ రెండు కార్డుల భయం పూర్తిగా పోలేదు, ఇంకోసారి తీద్దామంది. వద్దన్నాను. తర్వాత సరే, ఉద్యోగం గురించి మాత్రం కాదు అన్నాను. "ఈ వారం మేం వాయిదా వేస్తున్నది ఏమిటి?" అని ప్రశ్న రాసుకున్నాం. మొదటి చోటు వాయిదా వేసే తీరు, రెండోది వాయిదా పడ్డ పని. ఆయన నవ్వుతూనే తీశారు. మొదటిది టూ ఆఫ్ సోర్డ్స్: కళ్లకి గంతలు, గుండెల మీద అడ్డంగా రెండు కత్తులు పెట్టుకుని కూర్చున్న స్త్రీ. రెండోది సిక్స్ ఆఫ్ కప్స్: పాత ఇంటి పెరట్లో ఒక పిల్లవాడు ఇంకో చిన్నపిల్లకి పూలున్న పాత్ర ఇస్తున్నాడు.

నేనేమీ చెప్పలేదు. ఆయన ఆ రెండో బొమ్మ చాలాసేపు చూశారు. "మా నాన్నగారికి ఇంకా చెప్పలేదండీ" అన్నారు. అప్పటికి మాకు రాత్రి ఎనిమిదిన్నర, విజయవాడలో పొద్దున ఆరు. ఆయన లేచి ఫోన్ తీసుకుని వెనక డెక్ మీదకి వెళ్లారు.